ఓడినవాళ్ళు ఫోన్ చెయ్యాలి

అక్టోబరు మొదటి ఆదివారం పొద్దున్నే లేచి ఇంట్లో గడియారాలన్నీ గంట ముందుకు తిప్పాను. మెల్‌బోర్న్‌లో వేసవి కాలమానం ఆ రోజు మొదలవుతుంది. హాల్లోది, వంటింట్లోది, నా గదిలోది, పొయ్యి మీద వెలిగే అంకెలది, మొత్తం నాలుగు. నాలుగోది తిప్పుతూ "పదహారు" అని పైకే అన్నాను. ఆ అంకె అడిగే మనిషి పోయి ఆనాటికి ఎనభై రెండు రోజులు.

పదహారంటే మా క్రెయిగీబర్న్‌కూ, అమెరికా నడిమధ్యన ఉన్న ఒక రాష్ట్రానికీ మధ్య గంటల తేడా. సెప్టెంబరులో అది పదిహేను. అక్టోబరులో మేం గడియారం ముందుకు తిప్పగానే పదహారవుతుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు వెనక్కి తిప్పుకోగానే పదిహేడు. ఆయన మట్టిలో డాక్టరేటు చేసిన మనిషి, మూడు ఖండాల్లో పనిచేశారు, ఈ మూడు అంకెలు మాత్రం ఏనాడూ గుర్తుపెట్టుకోలేదు. గుర్తు లేక కాదేమోనని ఇప్పుడనిపిస్తోంది. మా గేటు దగ్గర నిలబడి "టీచరుగారూ, ఇప్పుడెంత?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. "అమ్మయ్య, అమెరికా ఇంకా అక్కడే ఉందన్నమాట" అని వెళ్ళిపోయేవారు.

మా ఇంటికి రెండిళ్ళ అవతల కొడుకూ కోడలి దగ్గర ఉండేవారు. నేను కూతురి దగ్గర ఉంటాను. మొదటిసారి చూసినప్పుడు ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. కొత్తగా కట్టే ఇంటి పునాదిలోంచి తోడిన మట్టి అక్కడ పోగు పోసి ఉంది. అందులోంచి పిడికెడు తీసి, ఉమ్మితో తడిపి, బొటనవేలితో పట్టీలా సాగదీస్తున్నారు. పెద్దాయన పడిపోయారేమో అనుకుని గబగబా దగ్గరికి వెళ్ళాను. ఆయన తలెత్తకుండానే తెలుగులో మొదలుపెట్టారు.

"చూశారా, రెండంగుళాలు తెగకుండా సాగింది. ఇది మన గుంటూరు నల్లరేగడికి తమ్ముడి వరస. ఎండలకు బీటలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. ఈ ఇల్లు కొనేవాడెవడో గానీ అయిదేళ్ళలో వాడి తలుపులు మూసుకోవు."

"నేను తెలుగుదాన్నని మీకెలా తెలుసు?"

"అడుగులు తెలుగులో పైకే లెక్కపెట్టుకుంటూ వచ్చారుగా. నాలుగొందల పన్నెండు దగ్గర ఆపేశారు."

అది నిజమే. మా వీధి చివరినుంచి అక్కడికి నాలుగువందల పన్నెండడుగులు. నేను గుంటూరులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పానని తెలిశాక ఆయన నన్ను టీచరుగారనే పిలిచారు. నేను డాక్టరుగారూ అనేదాన్ని. అది విని ఎవరైనా బీపీ మాత్రల గురించి అడిగితే "నేను మట్టి డాక్టర్నండీ, నా పేషెంట్లు కాళ్ళ కింద ఉంటారు" అనేవారు.

ఆయనకు పంట మీద తప్ప దేనిమీదా ఉపమానం తోచేది కాదు. కొడుకు ఉద్యోగం మారితే నాట్లు పడ్డాయనేవారు. ఎవరింట్లోనైనా కాపురం చెడితే, ఎవరినీ తప్పుపట్టకుండా "ఆ నేలకా విత్తనం కాదు" అని ఊరుకునేవారు. తెలుగువాళ్ళ పుట్టినరోజు విందుల్లో ఆయన చుట్టూ కుర్రాళ్ళు చేరేవాళ్ళు. చేరి, మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా అడిగేదే అడిగేవాళ్ళు. ఓసారి సిడ్నీ పక్క పారమట్టానుంచి వచ్చిన ఒక ఐటీ కుర్రాడు వడ తింటూ అడిగాడు.

"అంకుల్, మీరు యూఎస్‌లో పీహెచ్‌డీ అంట కదా. మీ యూని వరల్డ్ ర్యాంకింగ్ ఎంత?"

"దేంట్లో? గోధుమల్లోనా, గొడ్లల్లోనా?"

"కాదంకుల్, ఓవరాల్‌గా."

"ఓవరాల్ అనే పంట ఎక్కడా పండదు బాబూ. ఇంకో వడ వేసుకో."

ఆ కుర్రాడు నవ్వేశాడు గానీ ఆయన నవ్వలేదు. ఆ ప్రశ్న ఆయన్ని ఎక్కడ తాకుతుందో నాకు తరవాత తెలిసింది.

ఆయన చదివిన రాష్ట్రంలో పెద్ద విశ్వవిద్యాలయాలు రెండు. ఒకటి పాతది, పేరున్నది, న్యాయమూర్తులూ గవర్నర్లూ చదివినది. రెండోది రైతుబిడ్డల కోసం పెట్టినది. మొదటిదాని రంగు ఎరుపు, రెండోదాని రంగు పసుపు. ఎర్రవాళ్ళు పసుపువాళ్ళను ఆవుల కాలేజీ అని వెక్కిరించేవాళ్ళు. మా డాక్టరుగారిది ఆవుల కాలేజీ. ఆ పేరు ఆయన గర్వంగానే చెప్పుకునేవారు. అక్కడి పశువులశాల పాలతో కాలేజీవాళ్ళే ఐస్‌క్రీం చేసి అమ్మేవాళ్ళట, అంత మంచి ఐస్‌క్రీం తరవాత ఎక్కడా తినలేదట. కానీ ఆ పేరు మరొకరి నోట వస్తే మాత్రం లేచి మంచినీళ్ళకు వెళ్ళిపోయేవారు. "ఎర్రవాళ్ళకి మట్టి శాఖే లేదు టీచరుగారూ. కాళ్ళ కింద ఏముందో తెలియనివాళ్ళకి ర్యాంకులా" అని నాతో మాత్రం ఒకసారి అన్నారు.

ఆ రెండు కాలేజీలకూ ఏటా ఫుట్‌బాల్ ఆట. మనం కాలితో తన్నే బంతి కాదు, మెల్‌బోర్న్‌వాళ్ళ ఫుటీ కూడా కాదు. శిరస్త్రాణాలు పెట్టుకుని కోడిగుడ్డులాంటి బంతి పట్టుకుని ఒకరిమీదొకరు పడే అమెరికా ఆట. అక్కడ శనివారం మధ్యాహ్నం ఆడితే మాకు ఆదివారం పొద్దున. నేను ఒక ఆదివారం ఇడ్లీలు ఇవ్వడానికి వెళ్ళి నిలబడి చూశాను. బంతి గీత దాటిస్తే ఆరు, ఆపైన ఒకటిగానీ రెండుగానీ, కాలితో కొట్టి కమ్ముల మధ్యనుంచి పోనిస్తే మూడు, ఎదుటివాణ్ణి వాడి గీత వెనకే పడేస్తే రెండు. ఇవి చెప్పాక ఆయన నన్నో ప్రశ్న అడిగారు. "ఈ అంకెలతో ఏ మొత్తం రాదో చెప్పండి చూద్దాం." మర్నాడు పొద్దున వెళ్ళి చెప్పాను. ఒకటి తప్ప అన్నీ వస్తాయి. ఆయన కాగితం తీసుకుని ఇరవై దాకా వేసి చూసుకున్నారు. "యాభై ఏళ్ళుగా చూస్తున్నాను. అడగడమే గానీ ఎప్పుడూ తేల్చుకోలేదు" అన్నారు. ఆ తరవాతి ఆదివారం టీవీ ముందు రెండు కుర్చీలున్నాయి.

ఆటనాడు ఆయన పెళ్ళికి వెళ్ళేవాడిలా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కునేవారు. దాని మీద వెలిసిపోయిన పసుపు టోపీ. ఆ టోపీ వీధిలోకి ఎప్పుడూ పెట్టుకోలేదు. అరవడం, చప్పట్లు కొట్టడం ఏమీ లేవు. ఆయన సంతోషమూ విచారమూ కుర్చీలో తెలిసేవి. పసుపువాళ్ళు వెనకబడ్డకొద్దీ కుర్చీని జానెడు జానెడు వెనక్కి జరుపుకునేవారు. ఒక ఏడు ఆట ముగిసేసరికి వంటింటి గడప మీద ఉన్నారు. పప్పు పోపు పెడుతున్న కోడలు "మామయ్యా, వాళ్ళింకొక్క గోల్ కొడితే మీరు స్టవ్ మీదికొస్తారు" అంది. ఆ అమ్మాయి ఆసుపత్రిలో షిఫ్టుల పని చేసేది. ఆదివారం ఇంట్లో ఉంటే ఈ ఆటను ఓపిగ్గా భరించేది. ఓడాక ఆయన మాట ఎప్పుడూ ఒకటే. "నేల మంచిదే, విత్తనం మంచిదే. వాన రాలేదు."

ఇక అసలు సంగతి ఫోను.

హాల్లో గోడవారన ఒక ల్యాండ్‌లైన్ ఉండేది. ఆ ఇంట్లో దాన్ని మరెవరూ వాడేవాళ్ళు కాదు. పైన గోడకు ఒక నంబరు పెద్ద అంకెలతో రాసి అంటించి ఉండేది. అది బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉన్న ఒక పెద్దమనిషిది. ఆయనా డాక్టరుగారూ కోస్తాలో ఒకే వ్యవసాయ కళాశాలలో ఒకే గదిలో నాలుగేళ్ళున్నారు. ఒకే విమానంలో అమెరికా వెళ్ళారు. ఆయనకు ఎర్రవాళ్ళ దగ్గర జన్యుశాస్త్రంలో సీటొచ్చింది, ఈయనకు పసుపువాళ్ళ దగ్గర మట్టిశాస్త్రంలో. మొదటి ఏడే పందెం కట్టుకున్నారు. ఏటా ఆట అయిపోగానే ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు ఫోన్ చెయ్యాలి. చేసి "మీవాళ్ళు బాగా ఆడారు" అని చెప్పాలి.

తరవాత ఇద్దరూ ఆస్ట్రేలియా వచ్చారు. ఇక్కడ ఒక గోధుమ పరిశోధన కేంద్రంలో ఆయన ముందు చేరారు. కొన్నాళ్ళకు మరో ఉద్యోగం ఖాళీ అయితే ఈయన దరఖాస్తు పెట్టారు. పైవాళ్ళు స్నేహితుణ్ణి పిలిచి, ఈయన చదివిన విశ్వవిద్యాలయం ఎలాంటిదని అడిగారు. మంచిదేనని చెప్పి, మా దానితో సమానం కాదని కూడా చెప్పాడట. ఈయనకు ఆ ఉద్యోగం రాలేదు. ఆ మాట మూడో మనిషి ద్వారా తెలిసింది. ఇదంతా డాక్టరుగారు ఒక్కసారే, పార్కు చుట్టూ సగం తిరిగేలోపు చెప్పేశారు. "వాడు అబద్ధం చెప్పలేదు టీచరుగారూ. అడిగినదానికి జవాబు చెప్పాడు. ఆ జవాబు వాడు చెప్పకుండా ఉండాల్సింది." అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఆ ముప్పై ఎనిమిదేళ్ళలో పెళ్ళికీ చావుకీ కూడా మాట లేదు. కానీ పందెం పందెమే. ఇల్లు మారినప్పుడల్లా ఒకరికొకరు కార్డు ముక్క పంపుకునేవాళ్ళు. దాని మీద కొత్త నంబరు తప్ప ఒక్క అక్షరం ఉండేది కాదు.

ఆ ఫోను నేను చూస్తుండగా అయిదుసార్లు జరిగింది. మూడుసార్లు ఈయన చేశారు, రెండుసార్లు అటునుంచి వచ్చింది. ఈయన చేసేటప్పుడు ముందు నావైపు తిరిగేవారు. "అక్కడిప్పుడు పదే కదూ?" మాకు పదకొండైతే బ్రిస్బేన్‌లో పది. ఆ రాష్ట్రంవాళ్ళు వేసవిలో గడియారం తిప్పరు. "ఎండ గంట ఎక్కువైతే పరదాలు వెలిసిపోతాయని వాళ్ళ భయం" అని నవ్వేవారు. అటునుంచి వచ్చినప్పుడు మూడుసార్లు మోగనిచ్చి తీసేవారు. విని "ఊఁ. థాంక్యూ" అని పెట్టేసేవారు. పదిహేను సెకన్లు కూడా పట్టేది కాదు.

పెట్టేశాక మాత్రం చాలాసేపు అక్కడే నిలబడేవారు. నాతో అన్నట్టూ కాకుండా, తనలో తాను అనుకున్నట్టూ కాకుండా మాటలు వచ్చేవి.

"గొంతు బొంగురుగా ఉంది. సిగరెట్ మళ్ళీ మొదలెట్టాడో ఏమో."

మరో ఏడు, "వెనకాల చంటిపిల్ల ఏడుస్తోంది. మనవరాలు పుట్టినట్టుంది."

ఆ తరవాతి ఏడు, "ఆ పిల్ల తాతా అని పిలుస్తోంది. తెలుగు నేర్పుతున్నాడు, ఫరవాలేదు."

మూడు మాటల్లోంచి ఒక మనిషి ఏడాది కాలాన్ని అలా తోడుకునేవారు. చివరిసారి అటునుంచి ఫోను వచ్చినప్పుడు ఆయన రిసీవరు పెట్టేసి, "మూడు మాటలకి రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు" అన్నారు. ఆ రోజు ఇడ్లీ తినలేదు.

మరుసటి ఏడు ఆ ఆట పోయింది.

అక్కడి కాలేజీలు పదీ పన్నెండూ చొప్పున కూటములుగా ఉంటాయి. కాన్ఫరెన్స్ అంటారు. ఒక కూటమిలోవాళ్ళు ఏటా తమలో తాము ఆడుకుంటారు. ఎర్రవాళ్ళూ పసుపువాళ్ళూ ఎప్పటినుంచో ఒకే కూటమి. ఉన్నట్టుండి ఎర్రవాళ్ళు దాన్ని వదిలి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద పెద్ద కాలేజీల కూటమిలో చేరిపోయారు. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే డాక్టరుగారు, "మన దగ్గర జిల్లాలు చీల్చినట్టేనండీ. నిన్నటిదాకా పక్క ఊరు, ఇవాళ వేరే జిల్లా. ఇక్కడ గీత గీసేది టీవీ కంపెనీవాళ్ళు, అంతే తేడా" అన్నారు. తేలిగ్గానే అన్నారు. తరవాత ఎర్రవాళ్ళ ప్రకటన కంప్యూటర్‌లో తెరిచి నాకు చూపించారు. చదువులో తమకు సమానమైన సంస్థలతో కలిసి నడవదలిచామని అందులో ఒక వాక్యం ఉంది. ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచి, తీసేశారు.

"మళ్ళీ సమానమే" అన్నారు.

ఆ ఏడు అక్టోబరులో గుండె డాక్టరు ఆయన్ని పరీక్షచేసి, కవాటం బాగా పాడైందనీ, ఈ వయసులో కోత పెట్టలేమనీ చెప్పారు. ఆ సంగతి కోడలు నాతో గేటు దగ్గర చెప్పింది. చెబుతూనే, "ఆంటీ, ఆ ల్యాండ్‌లైన్ డిస్కనెక్ట్ చేయిద్దామంటే ఒప్పుకోవట్లేదు. గేమే లేదు కదా. ఆ అంకుల్‌తో మాట్లాడాలనుంటే వాట్సాప్‌లో చెయ్యొచ్చు కదా" అంది.

ఆ మాట నేను ఆయనతో అన్నాను.

"చెయ్యొచ్చు. ఏమని చెయ్యను?" అన్నారు. "ఓడినవాడే చెయ్యాలి. ఆట లేకపోతే ఓడేవాడెవడు?"

"ఉత్తినే చెయ్యండి. ఎలా ఉన్నావని అడగండి."

"ముప్పై ఎనిమిదేళ్ళు అడగనివాణ్ణి ఇప్పుడడిగితే, నేను పోతున్నానని వాడికి తెలిసిపోదూ? జాలిపడతాడు. వాడి జాలి నాకొద్దు."

రెండ్రోజులు ఆలోచించి నేనొక దారి చెప్పాను. ఆ ఏడు ఎర్రవాళ్ళూ పసుపువాళ్ళూ విడివిడిగా ఆడబోయే జట్లలో రెండు ఉమ్మడిగా ఉన్నాయి. ఆ రెండింటితో ఎవరు ఎంత తేడాతో గెలిచారో ఓడారో కూడితే, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళు ఓడినట్టు. ఆయన మొహం విచ్చుకుంది. నియమం ఆటలకు ముందే రాసుకోవాలన్నాను. రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, తేదీ వేసి, ఫోను కింద పెట్టాం. ఆ నెలన్నర ఆయన పార్కులో నాకంటే వేగంగా నడిచారు.

నాలుగు ఆటల్లో ఆఖరిది డిసెంబరు మొదటి తేదీ ఆదివారం పొద్దున అయిపోయింది. భోజనాల బల్ల మీద కాగితం పెట్టుకుని కూడాను. పసుపువాళ్ళు మొదటి జట్టు మీద ఇరవై నాలుగు, ఇరవై: నాలుగు ఎక్కువ. రెండో జట్టు చేతిలో పదిహేడు, ఇరవై ఒకటి: నాలుగు తక్కువ. మొత్తం సున్న. ఎర్రవాళ్ళు మొదటి జట్టు మీద ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది: మూడు ఎక్కువ. రెండో జట్టు చేతిలో పది, పదిహేడు: ఏడు తక్కువ. మొత్తం మైనస్ నాలుగు.

"మీరే గెలిచారు డాక్టరుగారూ. నాలుగు పాయింట్లు" అన్నాను.

ఆయన ఫోను వైపు చూశారు. గెలిస్తే ఆయన చెయ్యాల్సింది ఏమీ లేదు. ఫోను కోసం కూర్చోవాలి. అటువైపు మనిషికి పందెం నడుస్తోందనే తెలియదు.

"ఇంకోసారి కూడి చూడండి."

చూశాను. అదే వచ్చింది.

"సొంత మైదానంలో ఆడితే మూడు పాయింట్లు లాభమంటారు. మావాళ్ళకి తగ్గించాలేమో."

"ఒకటి సొంత మైదానం, ఒకటి పరాయిది. మూడు తీసి మూడు కలిపితే అదే."

"అక్టోబరు ఆటకి నవంబరు ఆటంత విలువ ఇవ్వకూడదేమో."

"ఆట అయ్యాక నియమం మార్చకూడదండీ."

"అవునవును, మార్చకూడదు" అని టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "గెలిచానన్నమాట."

ఓడిపోవాలని ఆయనకెంత కోరికగా ఉందో నాకప్పుడు తెలిసింది. తెలిసి కూడా కాగితం మడిచి ఇచ్చి ఇంటికొచ్చేశాను. బడిలో ముప్పై నాలుగు మార్కులొచ్చిన పిల్లకు నేను ముప్పై నాలుగే వేసేదాన్ని. పాసు మార్కు ముప్పై అయిదని తెలిసే వేసేదాన్ని. అందులో తప్పుందని అప్పుడూ అనుకోలేదు, ఆ ఆదివారమూ అనుకోలేదు.

సోమవారం ఆయన నడకకు రాలేదు. మంగళవారమూ రాలేదు. కోడలు చెప్పింది, హాల్లోనే కూర్చుంటున్నారట, టీవీ పెట్టుకోవడం లేదట. బుధవారం పొద్దున పదింటికి నేను వెళ్ళాను.

"డాక్టరుగారూ, నా లెక్కలో తప్పుంది."

ఆయన తలెత్తారు.

"ఎర్రవాళ్ళ ఏడుకు ముందు మైనస్ గుర్తు పెట్టాను. అక్కడ ప్లస్ ఉండాలి. వాళ్ళ మొత్తం పది, మీది సున్న. మీరు పది పాయింట్ల తేడాతో ఓడిపోయారు."

దిద్దిన కాగితం ఆయన ముందు పెట్టాను. ఆ ఆట మేమిద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. ఎర్రవాళ్ళు ఓడినప్పుడు ఆయన కుర్చీ టీవీకి మూరెడు దూరంలో ఉంది. ఇరవై దాకా అంకెలు వేసి నా జవాబు సరిచూసుకున్న మనిషి ఆ కాగితం వైపు చూడలేదు. లేచి, చొక్కా గుండీలు సరిచేసుకుని, గోడ మీది నంబరు చూసి నొక్కారు. స్పీకరు ఎందుకు పెట్టారో తెలియదు. నేను సాక్షిగా ఉండాలనుకున్నారేమో.

"హలో?" అటుగొంతు సన్నగా ఉంది.

"మీవాళ్ళు బాగా ఆడారు."

అటువైపు టీవీ చప్పుడు ఆగింది. తరవాత, "ఏ ఆటరా?"

డాక్టరుగారు నియమం వివరించారు. ఉమ్మడి జట్లు, తేడాలు, కూడిక, సంతకాలు. అటువైపాయన అడ్డు రాకుండా విన్నారు.

"ఈ లెక్క ఎవరు వేశారు?"

"మా టీచరుగారు. ఇక్కడే ఉన్నారు."

"ఓసారి ఇవ్వు." నేను దగ్గరికెళ్ళాను. "నమస్కారమమ్మా. రెండో జట్టు మీద మేం ఏడు పాయింట్లతో గెలిచామంటున్నారా?"

"అవునండీ. ముందు పొరపాటున మైనస్ పెట్టాను."

"నేను ఆ ఆట చూశానమ్మా."

"నేనూ చూశానండీ."

డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వీధిలో చెత్తబండి ఒక్కో డబ్బా ఎత్తి దింపుతోంది. నేను మూడో డబ్బా దాకా లెక్కపెట్టాను.

"అయితే గెలిచే ఉంటాం లెండి" అన్నారు అటువైపాయన. "వాడికివ్వండి."

డాక్టరుగారు స్పీకరు తీసేసి రిసీవరు చెవికి పెట్టుకున్నారు. పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. కుర్చీ కాలితో దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"గొంతేమిట్రా అలా ఉంది? మందులు సరిగ్గా వేసుకుంటున్నావా?... ఎవరు, మనవరాలేనా? బడికెళ్తోందా?... నాకా? నాకేం, బాగానే... సరే, బాగాలేదు. విను."

నేను చెప్పులేసుకుని వచ్చేశాను. పదీ పన్నెండుకు మొదలైన ఫోను, నేను మందుల షాపుకు వెళ్ళి తిరిగొచ్చి వాళ్ళ కిటికీ ముందునుంచి పోతూ చూసేసరికి, పదకొండూ ఇరవైకి ఇంకా నడుస్తోంది.

ఆ ఉద్యోగం సంగతి వాళ్ళు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ తరవాత ప్రతి ఆదివారం మాట్లాడుకున్నారు. ఎవరు ముందు చెయ్యాలనే నియమం ఉన్నట్టు లేదు. ఆయన పోయేదాకా ముప్పై రెండు ఆదివారాలు వచ్చాయి. ఒక్కటి తప్పింది, ఆ వారం ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. అంత్యక్రియలకు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ ఆయన చక్రాల కుర్చీలో వచ్చారు. ఎర్ర టై కట్టుకున్నారు. నన్ను గుర్తుపట్టి, "మైనస్ టీచరుగారు మీరేనా?" అని అడిగారు. అవునన్నాను. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఇద్దరం లెక్క మాట ఎత్తలేదు.

ఆయన ఉండగా నేను దిద్దిన కాగితాన్ని మళ్ళీ దిద్దలేకపోయాను. ఇప్పుడు దిద్దుతున్నాను. ఆ ఏడు గెలిచింది మా డాక్టరుగారు, నాలుగు పాయింట్ల తేడాతో. సరిచూసుకోదలచినవారి కోసం అంకెలన్నీ పైన ఇచ్చాను.